ఎంజీబీ కారుకు కార్బురేటర్ల బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ అమర్చడం ఎలా

పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీ బానెట్ ఎత్తి చూపిస్తే విజయవాడ ఆటోనగర్‌లో పాత మేస్త్రులెవరూ కంగారుపడరు. ఆ 1798 సీసీ ఇంజిన్ చూడగానే అంబాసిడర్ ఇంజిన్‌కు దగ్గరి చుట్టమని పోల్చుకుంటారు. అది నిజమే. మన అంబాసిడర్లలో దశాబ్దాల పాటు వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజిన్, 1962లో వచ్చిన ఎంజీబీ ఇంజిన్ రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబానివే. హెడ్ దించడం, వాల్వ్ క్లియరెన్సు పెట్టడం లాంటివన్నీ చేతికి అలవాటైన పనులు. అసలు చిక్కు ఒక్కచోటే ఉంది. ఈ హెడ్‌లో నాలుగు సిలిండర్లకు ఇన్‌లెట్ దారులు రెండే. ఒకటి, రెండు సిలిండర్లు ఒక దారి నుంచి పీలుస్తాయి. మూడు, నాలుగు మరో దారి నుంచి పీలుస్తాయి. ఈ సంగతి పట్టించుకోకుండా ఏదో ఎంపీఎఫ్ఐ (సిలిండరుకో ఇంజెక్టరు ఉండే) కారు సామాను తెచ్చి బిగిస్తే ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, రోడ్డెక్కుతుంది, కానీ సరిగా మాత్రం నడవదు. ఇంజెక్టర్లు ఎక్కడ పెట్టాలి, ఎంత పెద్దవి తీసుకోవాలి, ట్యూనింగ్‌లో ఏ మీటరును ఎంతవరకు నమ్మాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబు ఆ రెండు దారుల్లోనే ఉంది.

నేను పని చేసిన కారు గుంటూరు మిర్చి వ్యాపారి ఒకరిది. 1965 మోడల్. రెండు ఎస్‌యూ హెచ్ఎస్4 కార్బురేటర్లు, పాజిటివ్ ఎర్త్ (బ్యాటరీ పాజిటివ్‌ను బాడీకి కలిపే పాత పద్ధతి), డైనమో, సీట్ల వెనక అడుగున రెండు ఆరు వోల్టుల బ్యాటరీలు. ఆయన ఫిర్యాదు ఒక్కటే. వేసవి మధ్యాహ్నం గుంటూరు నుంచి బయలుదేరి మంగళగిరిలో టీకి ఆగితే కారు మళ్లీ స్టార్ట్ కాదు.

ఎందుకో తెలుసుకోవాలంటే బానెట్ కింద ఒకసారి చెయ్యి పెట్టి చూడాలి. ఎంజీబీలో ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులు రెండూ ఇంజిన్‌కు ఒకే పక్కన ఉంటాయి. కారు ఆపగానే ఫ్యాను గాలి ఆగిపోతుంది, ఎగ్జాస్ట్ సెగ పైకెక్కుతుంది, ఫ్లోట్ చాంబర్లలో పెట్రోలు మరుగుతుంది. 45 డిగ్రీలు తాకే మే నెల ఎండలో ఇది ఎలా ఉంటుందో మన వైపు వాళ్లకు చెప్పనక్కరలేదు. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. ఇథనాల్‌లో ఆక్సిజన్ ముందే ఉంది కాబట్టి దానికి గాలి తక్కువ చాలు. అచ్చమైన పెట్రోలుకు బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ20కి దాదాపు 13.5 పాళ్లు సరిపోతాయి. అరవై ఏళ్ల కిందట ఎంచి పెట్టిన కార్బురేటర్ నీడిల్ (పెట్రోలును కొలిచి వదిలే సూది) పాత లెక్క ప్రకారమే పోస్తుంది కాబట్టి మిశ్రమం పలచబడుతుంది. పికప్ తగ్గుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది.

ఇంజెక్షన్‌లో పెట్రోలు 3 బార్ ఒత్తిడిలో ఉంటుంది. ఆ ఒత్తిడిలో అది అంత తేలిగ్గా మరగదు. పైగా ఎప్పటికప్పుడు తిరుగుతూ ఉంటుంది కాబట్టి వేడిగా ఉన్నచోట నిలిచిపోదు. మిశ్రమం పలచనో చిక్కనో సైలెన్సర్ గొట్టంలో పొగను చదివే లాంబ్డా సెన్సర్ చెబితే, ఇంజెక్షన్‌ను నడిపే కంప్యూటరు పెట్టె ఈసీయూ సరిచేస్తుంది. నేను ఈ మార్పును సమర్థించేది ఈ కారణాలకే. "ఏమండీ, మైలేజీ ఎంత పెరుగుతుంది?" అని ఆయన మొదటిరోజే అడిగారు. "కొంత పెరగొచ్చండీ, కానీ దానికోసమైతే వద్దు" అన్నాను. పవరు సంగతీ అంతే. 95 హార్స్‌పవర్ ఇంజిన్ ఇంజెక్షన్ వేసినంత మాత్రాన 120 అయిపోదు.

దించే ముందు చూడవలసినవి

కార్బురేటర్లు నిజంగా దోషులేనా అని ముందు చూడండి. థ్రాటిల్ స్పిండిల్‌ను రెండు వేళ్లతో పట్టి పైకీ కిందికీ ఊపండి. ఆట ఉంటే అక్కడి నుంచి దొంగగాలి లోపలికి పోతోందని అర్థం. ఐడిల్ నిలబడకపోవడానికి చాలా కార్లలో అదే కారణం. దాన్ని లేత్ మీద బుష్ వేసి సరిచేయవచ్చు. కార్బురేటర్ పైన ఉండే డ్యాష్‌పాట్ గొట్టంలో నూనె ఉందో లేదో కూడా చూడండి. ఈ రెండింటితో తీరిపోయే బాధకు కారంతా విప్పనక్కరలేదు.

ఆ తర్వాత కంప్రెషన్. నాలుగు సిలిండర్ల రీడింగులు ఒకదానికొకటి పది శాతంలోపు ఉండాలి. వాల్వ్ క్లియరెన్సు పదిహేను థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మిల్లీమీటర్లు. ఒక సిలిండరు బలహీనంగా ఉన్న ఇంజిన్‌కు ఏ ఈసీయూ కూడా వైద్యం చేయలేదు. దేశంలో 2000 నుంచి సీసం లేని పెట్రోలే వస్తోంది కాబట్టి, హెడ్ ఎలాగూ దించవలసి వస్తే గట్టి ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు వేయించండి.

కాగితాల మాట కూడా ఇక్కడే చెప్పాలి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధన ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకే వింటేజ్ గుర్తింపు, 'వీఏ' సిరీస్ నంబరు దక్కుతాయి. చాసిస్, బాడీ, ఇంజిన్ గణనీయంగా మార్చిన వాటికి దక్కవు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ కూడా రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా మార్పులు చేయడాన్ని అడ్డుకుంటుంది. కాబట్టి ముందు రవాణా శాఖ కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడిగి, ఆ తర్వాతే స్పానర్ పట్టండి. నా పద్ధతి ఏమిటంటే, కారు మీద ఒక్క కొత్త రంధ్రం కూడా వేయను. ప్రతి బ్రాకెట్టూ ఉన్న బోల్టులకే బిగుస్తుంది. తీసిన కార్బురేటర్లు, లింకేజీ, పాత వైరింగు అన్నిటికీ చీటీలు కట్టి పెట్టెలో పెట్టి యజమానికి అప్పగిస్తాను. అలాంటి కారును మళ్లీ పుట్టినప్పటి రూపానికి తెచ్చే హక్కు తర్వాతి తరానికి ఉండాలి.

ఇంజెక్టర్లు ఎక్కడ?

ఈ ఇంజిన్ ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ఇన్‌లెట్ స్ట్రోకులు కూడా అదే వరసలో వస్తాయి. ఒకటి, రెండు సిలిండర్ల జంటను చూడండి. ముందు రెండోది పీలుస్తుంది, వెంటనే ఒకటోది పీలుస్తుంది. ఆ తర్వాత క్రాంక్ దాదాపు ఒక చుట్టు తిరిగేదాకా ఆ దారిలో కదలిక ఉండదు. అవతలి జంటలో ముందు మూడోది, వెంటనే నాలుగోది. అంటే లోపలి సిలిండర్లు రెండూ ఎప్పుడూ ముందు వంతు, బయటివి రెండూ ఎప్పుడూ వెనక వంతు.

ఇంజెక్టరును మామూలు ఎంపీఎఫ్ఐలో లాగా వాల్వ్ పక్కన పెట్టి, లెక్క లేకుండా చిమ్మించారనుకోండి. కదలిక లేని ఆ చుట్టులో పడిన పెట్రోలంతా వాల్వ్ ముందు పోగుపడుతుంది. వాల్వ్ తెరుచుకోగానే లోపలి సిలిండరు దాన్నంతా తాగేస్తుంది. బయటి సిలిండరుకు మిగిలేది గాలి.

ఇదే పద్ధతిలో వేరే ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకున్న పాత మినీ ఒకటి నా దగ్గరికి వచ్చింది. మినీలోని ఎ-సిరీస్ హెడ్‌కు కూడా ఇవే జంట దారులు. ప్లగ్గులు నాలుగూ విప్పి దినపత్రిక మీద వరసగా పేర్చాను. ఒకటి, నాలుగు ప్లగ్గుల పింగాణీ సున్నం వేసినట్టు తెల్లగా ఉంది, ఎలక్ట్రోడ్ అంచులు గుండ్రంగా అరిగాయి. రెండు, మూడు ప్లగ్గుల మీద వేలు పెడితే మసి అంటుకుంది. విచిత్రం ఏమిటంటే, డ్యాష్‌బోర్డు మీద లాంబ్డా మీటరు మాత్రం అంతా సవ్యంగా ఉన్నట్టే చూపిస్తోంది. సైలెన్సర్ గొట్టంలో నాలుగు సిలిండర్ల పొగ కలిశాక సెన్సర్ చదివేది సగటును మాత్రమే. రెండు పలచన, రెండు చిక్కన కలిస్తే సగటు అందంగానే వస్తుంది. ఆ అంకెను నమ్మి ఇంకొన్నాళ్లు నడిపి ఉంటే బయటి పిస్టన్లు రెండూ కరిగేవి.

దీనికి రెండు పరిష్కారాలున్నాయి. ఒకటి, క్యామ్ సెన్సర్ పెట్టి, ఒక్కో దారిలో ఒక్కో సిలిండరు వంతుకు విడివిడిగా సరిగ్గా ఆ క్షణంలోనే చిమ్మించడం. 1990ల చివర్లో మినీకి రోవర్ కంపెనీ రెండు ఇంజెక్టర్లతో చేసింది ఇదే. పని శుభ్రంగా ఉంటుంది గానీ, చిమ్మడానికి దొరికే వ్యవధి చాలా తక్కువ కాబట్టి పెద్ద ఇంజెక్టర్లు కావాలి. పెద్ద ఇంజెక్టర్లతో ఐడిల్ కుదరడం కష్టం. ట్యూనింగ్‌లో బాగా చేయి తిరిగినవారికే ఇది.

రెండోది నేను చేసేది, మీకు సిఫారసు చేసేది. ఇంజెక్టర్లను వాల్వులకు వీలైనంత దూరంగా, కార్బురేటర్లు ఉన్నచోటే పెట్టడం. రెండు ఎస్‌యూల స్థానంలో రెండు థ్రాటిల్ బాడీలు, ఒక్కో బాడీలో ఒకటి లేదా రెండు ఇంజెక్టర్లు. అక్కడి నుంచి పెట్రోలు మ్యానిఫోల్డు పొడవునా గాలితో కలుస్తూ వెళుతుంది, పంపకం కార్బురేటర్ చేసినట్టే జరుగుతుంది. 1960లలో ఆ మ్యానిఫోల్డు గీసిన ఇంజినీర్లు ఈ జంట దారుల సంగతి ఎరిగే గీశారు. వాళ్ల శ్రమను వాడుకోవడమే తెలివి. రెండు మ్యానిఫోల్డు కాళ్లను కలిపే బ్యాలెన్స్ పైపును తీయవద్దు.

థ్రాటిల్ బాడీలు రెడీమేడ్‌గా కొనవచ్చు. నేను మాత్రం ఆటోనగర్‌లోనే అల్యూమినియం దిమ్మ నుంచి చేయించాను. బోరు హెచ్ఎస్4తో సమానంగా ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. ఫ్లాంజీ బోల్టు రంధ్రాలు పాత గ్యాస్‌కెట్ చూసి వేయించాలి. ఇంజెక్టరు గూడు థ్రాటిల్ రేకుకు ఇంజిన్ వైపున ఉండాలి. చిమ్మిన పెట్రోలు ఎదుటి గోడకు కొట్టుకోకుండా మ్యానిఫోల్డు నోటి మధ్యకు పడేలా ఏటవాలుగా డ్రిల్ చేయాలి. ఆ కోణం కోసం టర్నర్ మేస్త్రి ఒక చిట్కా చెప్పారు. "బాబూ, ముందు కర్రతో ఒకటి చేద్దాం, సన్నటి కడ్డీ దూర్చి చూద్దాం, కడ్డీ మధ్యకు వస్తేనే అల్యూమినియం ముట్టుకుందాం" అన్నారు. అలాగే చేశాం. మీరూ అలాగే చేయండి.

ఇంజెక్టరు సైజు లెక్క తేలికే. ఒక్కో హార్స్‌పవర్‌కు నిమిషానికి సుమారు 5.25 సీసీ పెట్రోలు. 95 హార్స్‌పవర్‌కు 500 సీసీ. ఇంజెక్టరును 80 శాతానికి మించి పని చేయించకూడదు కాబట్టి 625. ఈ20 కోసం కొంత కలుపుకుంటే 660. రెండు ఇంజెక్టర్లయితే ఒక్కోటి 330 సీసీ, నాలుగైతే ఒక్కోటి 165 సీసీ. చిన్న ఎంపీఎఫ్ఐ కార్ల ఇంజెక్టర్లు నాలుగు తీసుకుంటే పని జరిగిపోతుంది. పాతవి కొంటే మాత్రం క్లీనింగ్ బెంచ్ మీద పెట్టి నాలుగూ సమానంగా పోస్తున్నాయో లేదో చూశాకే తీసుకోండి.

పెట్రోలు దారి

ఇది ప్రాణాలతో ముడిపడ్డ భాగం, తొందరపడవద్దు. పాత పంపు ఇచ్చే ఒత్తిడి 3 పీఎస్ఐ దరిదాపుల్లో ఉంటుంది. కొత్తది 43 పీఎస్ఐ పైన. పాత రబ్బరు గొట్టం ఒక్కటి మిగిలినా అక్కడే పగులుతుంది. ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరిచి పాడుచేస్తుంది, ట్యాంకులో నీటిని చేర్చి తుప్పు లేపుతుంది. అందువల్ల ముందు ట్యాంకు దించి, కడిగించి, లోపల టార్చి వేసి చూడండి. గొట్టాలన్నీ ఇంజెక్షన్ ఒత్తిడికి తయారైన ఆర్9 రకం కొనండి. బిగింపుకు పళ్ల క్లిప్పులు వద్దు, అవి గొట్టాన్ని కోస్తాయి. ఇంజెక్షన్ కోసమే చేసిన నున్నటి అంచుల క్లిప్పులు వాడండి.

ఎంజీబీ ట్యాంకు లోపల ఇంజెక్షన్‌కు తగిన అడ్డుగోడలు లేవు. పెట్రోలు పావువంతుకు తగ్గాక మలుపు తిరిగితే పెట్రోలు ఒక పక్కకు ఒరిగి పంపు గాలి పీలుస్తుంది. కార్బురేటరుకు ఫ్లోట్ చాంబరులో నిల్వ ఉంటుంది కాబట్టి తెలియదు. ఇంజెక్షన్‌లో మాత్రం వెంటనే మిస్సింగ్ వస్తుంది. ఇందుకోసం పంపుకు ఎప్పుడూ పెట్రోలు అందేలా నిల్వ ఉంచే లీటరు పట్టే చిన్న డబ్బా, స్విర్ల్ పాట్, ఒకటి డిక్కీ వైపు బిగించాలి. వెనక యాక్సిల్ ముందున్న అసలు ఎస్‌యూ పంపును తీయకుండా, స్విర్ల్ పాట్ నింపే పని దానికే అప్పగించాను. 95 హార్స్‌పవర్‌కు పూర్తి వేగంలో గంటకు 30 లీటర్లు చాలు, ఆ పంపు అంతకంటే బాగా ఎక్కువే తోస్తుంది. స్విర్ల్ పాట్ అడుగు నుంచి హైప్రెషర్ పంపు, అక్కడి నుంచి ఫిల్టరు, ముందుకు థ్రాటిల్ బాడీలు, రెగ్యులేటరు, మళ్లీ వెనక్కి స్విర్ల్ పాట్‌కు. పొంగినది పై గొట్టం గుండా ట్యాంకుకు.

పంపు రిలేను ఈసీయూ నడపాలి. తాళం తిప్పగానే రెండు మూడు సెకన్లు తిరిగి ఆగాలి, ఇంజిన్ తిరుగుతుంటేనే మళ్లీ మొదలవ్వాలి. దానికి వరసలో ఇనర్షియా స్విచ్ తప్పనిసరి. గుద్దుకున్నప్పుడు పంపు ఆగకపోతే 3 బార్ ఒత్తిడిలో పెట్రోలు రోడ్డంతా చిమ్ముతుంది. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే పంపు ఒక్కదాన్నే పది నిమిషాలు నడిపి, ప్రతి జాయింటు చుట్టూ టిష్యూ కాగితం చుట్టి చూడండి. కాగితం ఎక్కడ తడిసినా ఆ రోజుకు స్టార్ట్ చేయడం లేదు. పక్కనే అగ్నిమాపక సిలిండరు ఉండాలి.

కరెంటు

1965 కారులో ఉన్నది పాజిటివ్ ఎర్త్. ఈసీయూ దాంతో పని చేయదు. నెగటివ్ ఎర్త్‌కు మార్చాలి. ఆర్‌పీఎం మీటరు లోపల కూడా ధ్రువాలు మార్పించాలి, లేకపోతే మీటరు పోతుంది. డైనమో ఇచ్చేది 22 ఆంపియర్లు మాత్రమే. పంపు, ఇంజెక్టర్లు, లాంబ్డా హీటరు, కాయిళ్లు, రాత్రిపూట లైట్లు కలిస్తే అది చాలదు, 45 ఆంపియర్ల ఆల్టర్నేటరు కావాలి. 1967 చివర నుంచి కంపెనీయే నెగటివ్ ఎర్త్, ఆల్టర్నేటరు ఇచ్చింది కాబట్టి ఆ తర్వాతి మోడళ్ల వారికి ఈ బెడద లేదు. సెన్సర్ల ఎర్త్ వైర్లన్నీ ఈసీయూ దగ్గర ఒకేచోట కలవాలి. బాడీ మీద ఎక్కడపడితే అక్కడ బిగిస్తే రీడింగులు ఊగుతాయి.

ఈసీయూలలో మెగాస్క్విర్ట్, స్పీడ్యూయినో రెండూ ఇలాంటి పనికి బాగా సరిపోతాయి. స్పీడ్యూయినో ఓపెన్ సోర్స్, టంకం పట్టడం వస్తే సొంతంగా కూడా కూర్చుకోవచ్చు. క్రాంక్ పుల్లీ ముఖానికి 36 పళ్లలో ఒకటి తీసేసిన ఇనుప చక్రం బిగించి, పక్కన సెన్సర్ పెడితే ఇంజిన్ స్థితి ఈసీయూకు తెలుస్తుంది. చక్రం ఇనుముదే కావాలి, అల్యూమినియంను ఆ సెన్సర్ చూడలేదు. ఒకటో పిస్టన్ పైకొచ్చే స్థానాన్ని పాత గుర్తును నమ్మకుండా పిస్టన్ స్టాప్‌తో కనుక్కోండి. టైమింగ్ లైటులో కనిపించేదీ ల్యాప్‌టాప్ చూపించేదీ ఒకటయ్యేదాకా ముందుకు పోవద్దు. ఇంజెక్టర్లు దూరంగా పెట్టాం కాబట్టి క్యామ్ సెన్సర్ అక్కరలేదు. స్పార్కు జంట కాయిల్ నుంచి వస్తుంది, డిస్ట్రిబ్యూటరు ఉన్నచోటే ఊరికే తిరుగుతూ ఉంటుంది.

మిగతా సెన్సర్లు మామూలే, ఒక్క గాలి ఉష్ణోగ్రత సెన్సర్ తప్ప. దాన్ని థ్రాటిల్ బాడీ మీద పెడితే ఎగ్జాస్ట్ సెగకు వేడెక్కి, గాలి చాలా వేడిగా, పలచగా ఉందని ఈసీయూకు చెబుతుంది. ఈసీయూ పెట్రోలు తగ్గిస్తుంది. మంగళగిరి టీ దుకాణం ముందు కారు మళ్లీ మొరాయిస్తుంది. ఏ బాధ కోసం ఇంత పని చేశామో అదే బాధ తిరిగొస్తుంది. అందుకే ఆ సెన్సర్‌ను ఎయిర్ ఫిల్టరు దగ్గర, రేడియేటర్ వైపు నుంచి తాజా గాలి తగిలేచోట పెట్టండి. కార్బురేటర్ల కింద ఉండే వేడి అడ్డు రేకును మళ్లీ బిగించడం మరవవద్దు.

ట్యూనింగ్

లాంబ్డా సెన్సర్ వైడ్‌బ్యాండ్ రకం కావాలి. సైలెన్సర్ గొట్టాలు కలిసిన తర్వాత, నీరు నిలవకుండా పైకి వంచి బిగించాలి. మీటరును గాలి-పెట్రోలు నిష్పత్తిలో కాకుండా లాంబ్డా అంకెల్లోనే చదవండి. ఈ20 పోసినా, మామూలు పెట్రోలు పోసినా లాంబ్డా 1.0 అంటే అర్థం ఒక్కటే. నిదానంగా సాగే వేగంలో 1.0, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కినప్పుడు 0.86 నుంచి 0.88, ఐడిల్‌లో 0.95 దగ్గర నాకు నచ్చింది. ఇంజెక్టర్లు దూరంగా ఉన్నందువల్ల మ్యానిఫోల్డు గోడలు కొంత పెట్రోలును పట్టుకుంటాయి. యాక్సిలరేటరు ఒక్కసారి నొక్కితే క్షణం తడబడుతుంది. ఆ క్షణానికి అదనంగా పోయించే సెట్టింగుకు ఓపిక పట్టాలి, ఏ ఆర్‌పీఎంలో ఎంత పెట్రోలు పోయాలో ఈసీయూలో రాసే మిగతా పట్టికంతటికీ పట్టినంత సమయం ఇదొక్కదానికే పడుతుంది.

రోడ్డు మీద ఒకరు నడపాలి, ఇంకొకరు ల్యాప్‌టాప్ చూడాలి. నేను తెల్లవారుజామున గన్నవరం వైపు హైవే మీద చేస్తాను. ట్రాఫిక్ ఉండదు, గాలి చల్లగా ఉంటుంది. మూడో గేరులో 2000 ఆర్‌పీఎం నుంచి నెమ్మదిగా ఎక్కిస్తూ పట్టికలో ఒక్కో గడి సరిచేయాలి. నాకింగ్ వినిపిస్తే వెంటనే కాలు తీసేయండి. ఆ తర్వాత అదే కారును మధ్యాహ్నం బెంజ్ సర్కిల్ రద్దీలో నడిపి, ఆపి, ఇరవై నిమిషాలు ఎండలో ఉంచి స్టార్ట్ చేయండి. మన ఊళ్లో తుది పరీక్ష అదే.

చివరగా మళ్లీ ప్లగ్గులు. గట్టిగా నడిపి, ఇంజిన్ ఆపి, చల్లారాక నాలుగూ విప్పి వరసగా పెట్టండి. ఒకటి, నాలుగు ఒక రంగు, రెండు, మూడు ఇంకో రంగు అయితే మీటరు ఏమి చెప్పినా వినకండి. ముందు బ్యాలెన్స్ పైపులో అడ్డు ఉందేమో, రెండు థ్రాటిళ్లు సమానంగా తెరుచుకుంటున్నాయో లేదో గాలి మీటరుతో చూడండి. ఆ తర్వాత ఇంజెక్టరు కోణం. నాలుగు ప్లగ్గులూ లేత గోధుమరంగులో ఒకేలా కనిపించాకే గుంటూరు కారును యజమానికి ఇచ్చాను. ఐదువందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ రమ్మన్నాను. గొట్టాలు ఆ పాటికి వేడికి సర్దుకుంటాయి, ప్రతి క్లిప్పూ ఇంకోసారి బిగించాలి. ట్యూనింగ్ ఫైలు నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసి కార్బురేటర్ల పెట్టెలోనే పెట్టాను.